కడిగాక జల్లెడ పట్టిన ఇసుక

పెంపుడు చేపలు అమ్మే షాపు వెనక వరండాలో ఒక పెద్దావిడ బకెట్ల మధ్య పీట వేసుకుని కూర్చుంటుంది. కడిగిన ఇసుకలోంచి చిటికెడు తీసి నాలుకకి రాసుకుంటుంది. కాసేపు కళ్ళు మూసుకుంటుంది. తర్వాత ఉమ్మేసి, నోరు పుక్కిలించి, ఆ బకెట్ సంగతి తేలిపోయినట్టు తల ఊపి పక్క బకెట్ దగ్గరికి జరుగుతుంది. షాపుకి వచ్చినవాళ్ళు ఇది చూసి ముసిముసిగా నవ్వుకుంటారు. కాస్త చనువున్నవాళ్ళయితే "ఉప్పు సరిపోయిందా పెద్దమ్మా" అని అడుగుతారు కూడా. ఆవిడ జవాబు చెప్పదు. చెప్పాలంటే ఒక బుధవారం సంగతి మొదటినుంచీ చెప్పుకురావాలి. ఆ బుధవారాన్ని తలుచుకోవడం ఆవిడకి ఇప్పటికీ ఇష్టం ఉండదు.

ఆవిడ అసలు పేరు షాపువాళ్ళకే సరిగ్గా తెలియదు. అందరికీ జల్లెడమ్మే. ఇరవై రెండేళ్ళు ఇళ్ళు కట్టేచోట గోడల పూతకి ఇసుక జల్లించింది. గుప్పెడు ఇసుక తీసి చెవి దగ్గర పెట్టుకుని నలిపేది. కరకరమంటే మంచిది, మెత్తగా పలికితే మట్టి కలిసింది. అలా విని, దించిన లారీని దించినట్టే వెనక్కి పంపించిన రోజులున్నాయి. పేరుమోసిన మేస్త్రీలు కూడా నున్నటి పూత వెయ్యాల్సి వస్తే ఆవిడ వచ్చేదాకా తాపీ పట్టేవారు కాదు. ఆ గొప్ప ఆవిడకి లేకపోలేదు. కాస్త ఎక్కువే ఉండేది.

గొప్పతోపాటు సిమెంటూ సున్నమూ కూడా ఆవిడకి ఇవ్వాల్సింది ఇచ్చాయి. వేళ్ళ చివర చర్మం తినేసి, మళ్ళీ మందంగా పెరిగి, మళ్ళీ తినేసి, ఆఖరికి మొద్దుబారిపోయింది. ఏ మెషీనూ ఆవిడ వేలిముద్ర తీసుకోదు. పొయ్యిమీది గిన్నె ఉత్త చేతులతో దించుతుంది, కాలిందని కూడా తెలియదు. మోకాళ్ళు అరిగి బయటి పని మానేశాక, ఇంటికి దగ్గరలో చేపల షాపులో తొట్ల అడుగున పరిచే ఇసుక కడగడానికి మనిషి కావాలంటే చేరింది.

షాపు యజమాని మాటకారి కాదు. మొదటిరోజే ఒక్క ముక్క చెప్పాడు. "ఇసుకకి ఆఖర్న తగలాల్సింది నీళ్ళే పెద్దమ్మా. బకెట్ అడుగు కనపడేదాకా కడగండి, తడిగానే సంచిలో పోసి కట్టెయ్యండి. ఇంకేం చెయ్యొద్దు."

జల్లెడమ్మ తల ఊపింది. లోపల మాత్రం నవ్వుకుంది. పూత పనిలో లెక్క దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ ముందు కడగడం, ఎండబెట్టడం, ఆఖర్న జల్లెడ. జల్లెడ పట్టాక ఆ ఇసుకమీద మేస్త్రీ తప్ప ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. తాను ఇసుకలో మునిగి తేలుతున్న రోజుల్లో ఈ అబ్బాయి పలకా బలపం పట్టుకుని ఉంటాడు, నాకు చెప్పొచ్చాడు అనుకుంది.

ఆయన రెండో మాట కూడా ఒకటుంది. ఆవిడ చేరకముందు ఒకతను రంగు ఆరని రాళ్ళు తొట్టిలో వేస్తే ఆ ఇంటివాళ్ళ చేపలు పోయాయట. మధ్యాహ్నానికల్లా అతన్ని పంపించేశాడు. "చేప చచ్చిపోయిందన్న మాట నా షాపు గుమ్మం తొక్కకూడదు" అనేవాడు.

ఒకరోజు టైపు టీచరుగారు షాపుకి వచ్చింది. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి టైపు నేర్పిన మనిషి. ఒంటరి, అరవై దాటింది, చూపు ఏటికేడూ మసకబారుతోంది. వెలుగూ నీడా తెలుస్తాయి, మనుషుల మొహాలు తెలియవు. గుమ్మంలో నిలబడి, "నా చేప నాకు కనపడటం లేదు" అంది.

"తొట్టిలోంచి ఎగిరి పడిందేమో, చుట్టుపక్కల చూశారా అమ్మా" అన్నాడు షాపాయన కంగారుగా.

"తొట్టిలోనే ఉందయ్యా. నాకే కనపడటం లేదు. అడుగున నల్లటి గులకరాళ్ళు, చేపేమో నలుపు. తెల్లటి ఇసుక పరవండి. తెలుపు మీద నలుపయితే ఇంకా ఆనుతుంది నాకు."

ఆవిడ చేప వేలెడంత ఉంటుంది, చిన్న పాముపిల్లలా సన్నగా. తొమ్మిదేళ్ళుగా ఆవిడ దగ్గరే ఉంది. ఎప్పుడు చూసినా వంకీ తిరిగి పడుకుంటుందని దానికి కామా అని పేరు పెట్టింది. తొట్టిలో ఇంకో ఆరు చిన్న చేపలున్నా ఆవిడ ప్రాణమంతా కామా మీదే. "తెల్లకాగితం మీద కామా ఒక్కటి కనపడితే చాలు, మిగతా పేజీ ఏమైపోయినా ఫరవాలేదు" అంది, నవ్వుతూనే.

ఆ మాట జల్లెడమ్మ మనసుకి పట్టేసింది. మామూలుగా కడిగి ఇచ్చేసి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. ఆ చేప ఇసుకలో దూరే రకం, పొట్ట మెత్తగా ఉంటుంది, మూతికి చిన్న చిన్న మీసాలుంటాయి, గరుకు పలుకు ఒక్కటి తగిలినా గీసుకుపోతుంది అని షాపాయన చెప్పగా విన్నది. అందుకని తెల్ల ఇసుక ఏడు నీళ్ళు కడిగింది. షాపు సందులో ఎండ పడదని ఇంటికి పట్టుకెళ్ళి, డాబామీద పట్టా పరిచి రెండు రోజులు ఆరబెట్టింది. మంగళవారం పొద్దున్నే గోడకి వేలాడుతున్న తన పాత జల్లెడ తీసి, అదే పట్టామీద, పిండి జల్లించినంత ఓపిగ్గా జల్లించింది. ఇసుక కాస్త బూడిదగా కనపడింది. ఆకాశం మబ్బుగా ఉంది కదా అనుకుంది. జల్లెడలోంచి కొంచెం దుమ్ము లేచింది. ఇసుకన్నాక దుమ్ము లేవదా అనుకుంది.

ఆ మధ్యాహ్నమే వెళ్ళి టీచరుగారింట్లో రాళ్ళు తీసి ఇసుక పరిచింది. నీళ్ళు కొద్దిగా మబ్బు కట్టి తర్వాత తేరుకున్నాయి. చేపల్ని వదిలాక టీచరుగారు తొట్టి అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు నిలబడింది. "ఉంది. అదిగో ఉంది. తోక కూడా తెలుస్తోంది" అంది. ఆవిడ మొహం వెలిగిపోయింది. జల్లెడమ్మ ఇంటికి దాదాపు గాలిలో తేలుతూ వచ్చింది.

మర్నాడు బుధవారం. కొడుకు పనికి బయల్దేరుతున్నాడు. అతనూ మేస్త్రీయే. డబ్బా సంచిలో పెట్టుకుంటూ, "అమ్మా, జల్లెడ తీశావా? చోటు మారింది" అన్నాడు.

"తీశాను. ఏం?"

"ఏం లేదు. పోయిన వారం సిమెంటు బస్తా గడ్డకట్టిందని సగం దాంతోనే జల్లించాను, డాబామీద. మిగతా సగం ఈరోజు కానిద్దామని."

జల్లెడమ్మ చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. "నా జల్లెడతోనా?"

"దులిపే పెట్టానులే."

"పట్టా?"

"అదీ దులిపాను. ఏమయిందమ్మా?"

దులిపితే సిమెంటు పోతుందా? ఇరవై రెండేళ్ళు దులుపుకున్నా తన ఒంటిమీంచి పోలేదు. జల్లెడ అల్లికలో, చట్రం సందుల్లో, పట్టా మడతల్లో ఉన్నదంతా ఏడు నీళ్ళు కడిగిన ఇసుకలో తన చేతులతో తనే కలిపింది. ఆఖర్న నీళ్ళు తగిలి ఉంటే ఎంతో కొంత కొట్టుకుపోయేది. ఆఖర్న తగిలింది జల్లెడ. ఎవరూ చెయ్యమనలేదు. నీకేం తెలుసురా అనుకుని మరీ చేసింది.

కొడుకు ఇంకా ఏదో అడుగుతూనే ఉన్నాడు. ఆవిడ చెప్పులు తొడుక్కుని వీధిలో పడింది.

టీచరుగారింటికి షాపు ముందునుంచే వెళ్ళాలి. లోపల షాపాయన అద్దాలు తుడుస్తున్నాడు. చెబుదామని రెండు అడుగులు వేసింది. ఆ రంగురాళ్ళ మనిషి గుర్తొచ్చాడు. తల వంచుకుని గోడవారగా దాటిపోయింది. ఆ సాయంత్రం ఆవిడే వచ్చి మొత్తం చెప్పుకుంది, ఆయన "రేపట్నుంచి ఇసుక ఇంటికి పట్టుకెళ్ళకండి" అన్నాడు. కానీ అది సాయంత్రం మాట. పొద్దున ఆ వీధిలో నడుస్తున్నప్పుడు ఆవిడకి ఆ ధైర్యం లేదు. టీచరుగారి వీధి మలుపు ఎంత త్వరగా వస్తే అంత బాగుండునని ఒక పక్క, అసలు రాకపోతే బాగుండునని ఒక పక్క.

టీచరుగారు తలుపు తీసి, అడుగుల చప్పుడుతోనే పోల్చుకుంది. "నువ్వా? రా రా. నిన్ననే కదా వచ్చావు, ఏదైనా మర్చిపోయావా?"

"ఒకసారి చూసిపోదామని వచ్చానమ్మా."

తొట్టి కిటికీ పక్కన ఉంది. రెండు చిన్న చేపలు మూలన వెల్లకిలా తేలుతున్నాయి. మిగతా నాలుగూ పైకొచ్చి, నీటిమట్టానికి మూతులు ఆనించి గుటకలు వేస్తున్నాయి. ఒళ్ళంతా తెల్లటి జిగురు పొర కట్టింది. అడుగున తెల్ల ఇసుక చదునుగా, నున్నగా, తన చేత్తో పరిచింది పరిచినట్టే ఉంది. దానిమీద నల్లటిదేదీ లేదు.

"కామా నిన్న సాయంత్రం నుంచీ కనపళ్ళేదు" అంది టీచరుగారు వెనకనుంచి. "కొత్త ఇసుక కదా, లోపల దూరి ఆడుకుంటోందేమో. అంతే అంటావా?"

ఆ అడగడంలోనే ఉంది భయం. అవునమ్మా అంటే చాలు, ఆవిడ నమ్ముతుంది. నమ్మాలనే అడుగుతోంది. తేలుతున్నవి రెండూ చాటుగా తీసేసి చెంగులో చుట్టుకుపోయినా ఆవిడకి కనపడదు. నాలుగురోజులు పోయాక ముసలి చేప కదమ్మా, తొమ్మిదేళ్ళు బతికింది అంటే సరిపోతుంది. జల్లెడమ్మకి ఈ ఆలోచనంతా ఒక్క క్షణంలో వచ్చింది. ఇంత తేలిగ్గా వచ్చినందుకు తనని చూసి తనకే ఒళ్ళు జలదరించింది.

"ఇంకోటి" అంది టీచరుగారు. "పొద్దున తిండి వేస్తుంటే నీళ్ళు జారుడుగా తగిలాయి, సబ్బు నీళ్ళలా. నా వేళ్ళకే ఏదైనా వచ్చిందా అని భయమేసింది. ఇప్పుడు ఇవి తప్ప నాకు వేరే ఆధారం లేదు మరి. నువ్వు ఒకసారి ముంచి చూడు."

జల్లెడమ్మ చెయ్యి ముంచింది. ఆవిడ వేళ్ళకి ఏమీ తెలియలేదు. చల్లగా ఉందో లేదో కూడా తెలియలేదు. వేలు తీసి నాలుకకి రాసుకుంది.

నాలుక మాత్రం చావలేదు. ఇరవై రెండేళ్ళు పెదవులమీద పడ్డ దుమ్ము రుచి అది. సున్నపు ఘాటు, చివర్న చిన్న మంట.

"అమ్మా" అంది. "మీ వేళ్ళకి ఏం కాలేదు. ఇసుకలో సిమెంటు కలిసింది. నేనే కలిపాను. రెండు చేపలు పోయాయి. నాలుగు కొట్టుకుంటున్నాయి. కామా పైన ఎక్కడా లేదు."

టీచరుగారు కుర్చీ వీపు పట్టుకుంది. అరుస్తుందనుకుంది జల్లెడమ్మ, అరిస్తే బాగుండుననుకుంది. ఆవిడ అరవలేదు. "ఎలా కలిసిందో తర్వాత చెబుదువుగాని. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు" అంది.

పెరట్లో డ్రమ్ములో నిలవ ఉంచిన నీళ్ళున్నాయి. జల్లెడమ్మ మోకాళ్ళ సంగతి మర్చిపోయి రెండు బకెట్లు నింపుకొచ్చింది. నాలుగు చిన్న చేపల్నీ వలగరిటెతో పట్టి కొత్త నీళ్ళలోకి మార్చింది. తొట్టిలో నీళ్ళు సగానికి పైగా గొట్టంతో లాగేసింది. మిగిలింది ఇసుక.

అక్కడ ఆగిపోయింది. నాలుగు వేళ్ళ మందాన పరిచిన ఇసుక. లోపల ఎక్కడో సన్నటి ప్రాణం. గరిటెతో తీద్దామంటే, అంచు తగిలి రెండు ముక్కలవుతుందేమో. కలిపేస్తే అడుగున పేరుకున్న సిమెంటంతా ఒక్కసారి లేచి, ఇంకా బతికి ఉంటే అప్పుడు చంపుతుంది. చేత్తో దేవుదామంటే తన చేతికి రాయికీ చేపకీ తేడా తెలియదు. నలిపేసినా నలిపానని తెలియదు.

"నావల్ల కాదమ్మా" అంది. "నా వేళ్ళు చచ్చిపోయాయి."

టీచరుగారు చేతులు మోచేతుల దాకా మడుచుకుంది. "నా కళ్ళు చచ్చిపోయాయి. నువ్వు చూస్తూ చెప్పు, నేను వెతుకుతాను. ఎక్కడినుంచి మొదలుపెట్టమంటావు?"

"ఎడమ మూల నుంచమ్మా. మెల్లిగా. అడుగు కదపకండి, పై పొర ముందు."

పదివేళ్ళూ నీళ్ళలోకి దిగాయి. ముప్ఫై ఏళ్ళు అక్షరాలు వెతుక్కోకుండా కొట్టిన వేళ్ళు. ఒక్కో వేలూ దాని చోటు దానికి తెలిసినట్టు ఇసుకలోకి దిగి, ఆగి, లేచి, పక్కకి జరుగుతోంది. వెతికిన చోటు ఇసుకని దోసిట్లో తీసి జల్లెడమ్మ పట్టిన బేసిన్‌లో వేస్తోంది. జల్లెడమ్మ ఆ దోసిలిని మళ్ళీ కళ్ళతో పలుకు పలుకూ చూస్తోంది. ఊరంతా జల్లెడ పట్టి వెతికారని జనం ఊరికే వాడే మాట. ఇన్నేళ్ళ జల్లెడలో ఆవిడ ఎప్పుడూ ఇలా వెతికింది లేదు. చేప మీద చెయ్యి పడుతుందేమోనని భయం, పడదేమోనని ఇంకా భయం.

"ఇక్కడేదో ఉంది."

"చిన్న గులకరాయమ్మా, పాతది. పక్కకి రండి."

సగం తొట్టి అయింది. టీచరుగారి వేళ్ళు ఎర్రబడుతున్నాయి. మంటగా ఉందా అంటే లేదంది. మూడువంతులు అయింది. ఇంక లేదేమో, కరిగిపోయిందేమో అని పిచ్చి పిచ్చి ఆలోచనలు వస్తున్నాయి జల్లెడమ్మకి. కుడి మూల, కిటికీ పక్కన, టీచరుగారి చూపుడువేలు ఆగింది. తర్వాత బొటనవేలు వచ్చి చేరింది.

"బకెట్ దగ్గర పెట్టు."

దోసిట్లో ఇసుకతో సహా ఎత్తి, మెల్లిగా మంచినీళ్ళలోకి వదిలింది. ఇసుక అడుక్కి రాలింది. దానిమీద కామా పడింది, నల్లగా, సన్నగా, చీపురుపుల్లలా తిన్నగా.

టీచరుగారు బకెట్ పక్కనే నేలమీద కూలబడింది. ఎర్రటి బకెట్, గదిలో నీడ. ఆవిడకి ఏమీ కనపడదు. "ఎలా ఉంది? వంకీగా ఉందా, తిన్నగా ఉందా?"

"తిన్నగా ఉందమ్మా."

జల్లెడమ్మ ఇంకో చెంబు నీళ్ళు పక్కనుంచి మెల్లిగా పోసింది, నీళ్ళు కదిలితే ప్రాణం కదులుతుందేమోనని. పుల్ల పుల్లలాగే పక్కకి జరిగి ఆగిపోయింది.

"ఇప్పుడు?"

"తిన్నగానే ఉంది."

వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ వెళ్ళారు. జల్లెడమ్మ కన్ను ఆర్పకుండా చూస్తోంది. చూసీ చూసీ కళ్ళలో నీళ్ళు తిరిగి, బకెట్‌లో అంతా వంకీగానే కనపడింది. తుడుచుకుని చూస్తే తిన్నగానే ఉంది.

"ఇప్పుడు చెప్పు" అంది టీచరుగారు. ఆవిడ మొహం ఇటు తిరిగి ఉంది, పక్కకి కొంచెం తప్పి, చూపులేనివాళ్ళు చూసినట్టు. వంగిందమ్మా అన్న మాట జల్లెడమ్మ నోటిదాకా వచ్చింది. అంటే ఆ మొహంలో ఎంత వెలుగు వస్తుందో నిన్న చూసింది. ఆ వెలుగు కోసం ఏమైనా చెప్పాలనిపించింది.

"తిన్నగానే ఉందమ్మా" అంది. ఏడుపు ఆగలేదు.

టీచరుగారు కుడిచెయ్యి బకెట్‌లో పెట్టింది. ఎర్రబడ్డ చూపుడువేలు అడుగుదాకా దించి, తడుముకుని, కామా ఒంటి కిందకి జరిపింది. అలాగే కదలకుండా కూర్చుంది.

"మూతి దగ్గర నీళ్ళు కదులుతున్నాయి" అంది చాలాసేపటికి.

"నాకేం కనపడటం లేదమ్మా."

"నీకు కనపడదు. నాకు తగులుతోంది. ఆగి ఆగి తగులుతోంది."

జల్లెడమ్మ బకెట్ మీదకి వంగింది. ముందు తోక కదిలిందనుకుంది, నీళ్ళ తళుకేమోనని నమ్మలేదు. తోక మళ్ళీ కదిలింది. తర్వాత నడుం. నిద్రలో ఒత్తిగిలినంత నిదానంగా, ఆ నల్లటి పుల్ల టీచరుగారి వేలిచుట్టూ చుట్టుకోవడం మొదలుపెట్టింది. ఆవిడ వేలు కదపలేదు. చెంపలమీంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోనూ లేదు.

"ఇప్పుడు చెప్పు" అంది. "ఎలా ఉంది?"

జల్లెడమ్మ చెంగుతో కళ్ళు తుడుచుకుని ఇంకోసారి వంగి చూసింది.

"కామాలా ఉందమ్మా" అంది.